జనగామ మేడమ్ పుస్తకాలూ, నా 'అండీ'లూ

అది 2011. తెలంగాణ కోసం సమ్మె మొదలైన సెప్టెంబరు నెల. బస్సులు డిపోలు దాటడం లేదు, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బళ్లు మూతపడ్డాయి. నేనప్పుడు మహబూబాబాద్ స్టేషను దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని పాత పుస్తకాల వ్యాపారం చేస్తున్నాను. పాత పుస్తకాలంటే సగం ధరకు అమ్మే టెన్త్ క్లాసు గైడ్లు అనుకునేరు. నూరేళ్లు, రెండు నూరేళ్లు దాటినవాటిని వెతికి, పరీక్షించి, వాటి మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లకు చేర్చడం నా పని. అప్పటికి మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లాలోనే ఉండేవి.

ఈ వ్యాపారంలో ఒక్కొక్కరిది ఒక్కో పిచ్చి. ఒకాయనకు వేట పుస్తకాలు కావాలి, ఇంకొకాయనకు పాత పటాలు కావాలి. నా ఖాతాదారుల్లో అందరికంటే పెద్దవారు బెంగళూరులో స్థిరపడిన ఒక రిటైర్డ్ ఇంజనీరు, సొంతూరు కృష్ణా జిల్లాలో. ఆయన సేకరించేది తొలినాటి ప్రయోగ విజ్ఞానం మీది పుస్తకాలు. గాలికి బరువుందా, గాజుకడ్డీని పట్టుగుడ్డతో రుద్దితే వచ్చే నిప్పురవ్వా ఆకాశంలో మెరుపూ ఒకటేనా అని మనుషులు మొదటిసారి యంత్రాలు కట్టి చూసిన కాలం నాటివన్నమాట. అలాంటివి మా ప్రాంతంలో ఎందుకుంటాయని మీరు అడగొచ్చు. దొరల గడీల్లో ఉండేవి, రైల్వే బంగళాల్లో ఉండేవి. చదివేవాళ్లు పోయాక పాత సామాన్లవాడి తక్కెడలోకి చేరేవి.

నా గురించి కూడా కాస్త చెప్పాలి. మాది కొడకండ్ల. జనగామ దగ్గరి ఊరు. పేరు యాకయ్య. మా వైపు గడప గడపకూ ఒక యాకయ్య ఉంటాడు, వరంగల్ దాటితే ఆ పేరు ఎవరికీ తెలియదు. పని నేర్చుకున్నది విజయవాడలో ఒక పాత పుస్తకాల దుకాణంలో. చేరిన కొత్తలో "గీ పుస్తకం యాడ పెట్టాలె?" అని అడిగితే పక్కనున్న గుమాస్తా దాన్నే సినిమాలో రౌడీలా సాగదీసి తిరిగి అనేవాడు. కొనడానికి వచ్చినవాళ్లూ నవ్వేవాళ్లు. యజమాని మంచివాడే. "కస్టమర్లతో కాస్త శుభ్రంగా మాట్లాడవయ్యా" అనేవాడు, అంతే. నేను శుభ్రపడ్డాను. ఎంతగా శుభ్రపడ్డానంటే, సొంతంగా వ్యాపారం పెట్టుకుని మహబూబాబాద్ వచ్చేశాక కూడా చేతిలోకి ఒక పాత పుస్తకం వస్తే చాలు, నోట్లోంచి 'అండీ' దానంతటదే వచ్చేసేది. కార్డు మీద 'వై. రాజు' అని అచ్చు వేయించుకున్నాను.

డోర్నకల్‌లో నాకు తెలిసిన ఒక రిటైర్డ్ రైల్వే గార్డు చెబితే అనసూయ మేడమ్ సంగతి తెలిసింది. జనగామలో ఫిజికల్ సైన్స్ టీచరుగా చేసి రిటైరైన ఆవిడ. జీవితమంతా జీతంలోంచి మిగిల్చి, వేసవి సెలవుల్లో ఊళ్లు తిరిగి, సరిగ్గా మా ఇంజనీరుగారికి కావాల్సిన పుస్తకాలే కూడబెట్టారు. ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు, పుస్తకాలను ఎవరికి అప్పగించాలా అని చూస్తున్నారు. గార్డు ఆ మాట చెప్పగానే, సమ్మెకు కొద్దిరోజుల ముందు, నేను జనగామ వెళ్లి, బెంగళూరు ఇంజనీరుగారి కోసం కొనడానికి వచ్చానని చెప్పాను.

మేడమ్ నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అల్మారా తలుపులు మాత్రం తీయలేదు. ముందు నన్ను పరీక్షించారు.

"ఎయిర్ పంప్ బొమ్మలున్న పుస్తకం చూసిన్రా ఎప్పుడన్న?"

"చూశానండి. గంట ఆకారంలో గాజు పాత్ర, కింద ఇత్తడి పంపు. లోపలి గాలి బయటికి తీసేస్తే ఏమవుతుందో చూసేవారు."

ఆవిడ మొహం వెలిగింది. తలుపులు తెరిచారు. వేపాకుల వాసన వచ్చింది. తోలు అట్టలు, వరసగా, తుడిచి పెట్టినవి. నేను ఒక పుస్తకం తీసి, వెన్ను నొక్కకుండా అరచేతిలో పెట్టుకుని తెరిచాను. ఆవిడ నా చేతుల్నే చూస్తున్నారు. తర్వాత అడిగిన ప్రశ్న ఇది.

"సార్, ఒక్క ముచ్చట. భూపాలపల్లిల బాలూ నాయక్ అని నా శిష్యుడు, ఆడనే కాలేజీల లెక్చరర్. పుస్తకాలు మాకియ్యి మేడమ్ అని ఎంటవడ్డడు. నాకూ ఆడ పెట్టాల్ననే ఉన్నది. బొగ్గుబాయి పనోళ్ల పిల్లలు, తండాల పిల్లలు చూస్తరు. కానీ వీటికి పురుగు పట్టకుంట చూసుడు, ఊడిన కాగితం అతుకుడు, గీ పని తెల్వాలె గద. మన దిక్కు ఈ పని తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా?"

నేను అన్నాను: "ఈ ప్రాంతంలో ఎవరూ లేరండి."

అబద్ధమాడి పుస్తకాలు కొట్టేద్దామనే ఎత్తు కాదు. అలాంటి ఎత్తు వేసినా ఇంత సిగ్గుండేది కాదేమో, వ్యాపారం అని సరిపెట్టుకునేవాణ్ని. ఆ క్షణాన నాకు నిజంగానే నేను గుర్తుకు రాలేదు. 'ఈ పని తెలిసినవాడు' అన్న మాట పక్కన కొడకండ్ల యాకయ్య నా తలలోకి రానేలేదు. ఆవిడ ఎదురుగా ఉన్నది వై. రాజు, విజయవాడ బాపతు మనిషి. అతని లెక్కలో ఈ ప్రాంతంలో ఎవరూ లేరు.

మేడమ్ అల్మారా తలుపు మీద చెయ్యి వేశారు. "గంతేనా" అన్నారు. "అయితే మీ బెంగళూరాయనకే ఇద్దాం తీయుండ్రి. ఈడ పెట్టి చెదలకు వేసుడు కంటే నయం." భూపాలపల్లికి నా ఎదురుగానే ఫోన్ చేసి, వద్దులే బాలూ అని చెప్పారు. అవతల అతను ఏదో బతిమాలుతున్నట్టు వినిపించింది. నేను పుస్తకం చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

కొలేషన్ చేయడానికి మళ్లీ వెళ్లేసరికి సమ్మె మొదలైపోయింది. పాత పుస్తకాన్ని అమ్మేముందు ప్రతి కాగితం ఉందో లేదో ఒక్కొక్కటే తిప్పి సరిచూడటాన్ని కొలేషన్ అంటాం. ఒక్కో కట్ట మొదటి పేజీ అడుగున ఏ, బి, సి అని ఒక అక్షరం అచ్చేసి ఉంటుంది, ఆ వరస తప్పకూడదు. ఆ వరసలో జె ఉండదు. పాతకాలపు అచ్చువాళ్ల పద్ధతి అది. తెలియనివాళ్లు ఒక కట్ట పోయిందని లబోదిబోమంటారు. ఇక ప్లేట్లు, అంటే రాగిరేకు మీద చెక్కి వేరే కాగితం మీద అచ్చువేసి తర్వాత అతికించిన బొమ్మలు. పుస్తకం విలువంతా వాటిలోనే ఉంటుంది, ముందు ఊడిపోయేవీ అవే. నిదానంగా చేయాల్సిన పని, రోజులు పడతాయి.

రైళ్లు ఆపేశారు. నేను ఆటోలు మారుతూ తొర్రూరు మీదుగా కొడకండ్ల చేరి, మా ఇంట్లో ఉంటూ, తమ్ముడి బండి మీద రోజూ జనగామ వెళ్లివచ్చాను. మేడమ్ "ఏడ దిగిన్రు?" అని అడిగితే "లాడ్జిలోనండి" అన్నాను. పొద్దున మా అవ్వ చేతి జొన్నరొట్టె తిని, పది గంటలకల్లా కోస్తా మనిషినై మేడమ్ గడప ఎక్కేవాణ్ని.

మేడమ్ పొద్దున్నే దీక్షా శిబిరంలో కూర్చునేవారు. ఒకరోజు నన్నూ రమ్మన్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మైకులో ఒకాయన మాట్లాడుతున్నాడు: "మన మాటను సినిమాల్ల జోకర్ల నోట్ల పెట్టిండ్రు. మన పిలగాండ్లు నోరిప్పాల్నంటే సిగ్గువడెటట్టు జేసిండ్రు." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నిజంగానే కొట్టాను, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. విజయవాడ గుమాస్తా గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఆ మంటలోనే మేడమ్ వైపు తిరిగి "చాలా బాగా మాట్లాడారండీ" అన్నాను!

ఒక కుర్రాడు విస్తరిలో వేడివేడి పులిహోర తెచ్చి నా చేతిలో పెట్టి, ఎంతో మర్యాదగా అన్నాడు: "తినుండ్రి సార్. మీరు ఆంధ్రోళ్లైనా మాకేం కోపం లేదు. మా కొట్లాట మీతోని కాదు."

"థాంక్సండి" అని తీసుకున్నాను. సొంత జాగాలో అతిథి మర్యాద పొందుతూ ఆ పులిహోర ఎలా మింగానో నాకే తెలియదు. మాది కొడకండ్ల తమ్మీ అని ఒక్క ముక్క అనడానికి ఏం అడ్డొచ్చింది? ఇప్పుడంటే మేడమ్ అనుకున్నదంతా తారుమారవుతుంది, పని కానివ్వు, తర్వాత చూద్దాం అనుకున్నాను. తర్వాత ఎప్పుడు చూస్తానో నన్ను నేను అడగలేదు.

ఆ మధ్యాహ్నమే జరిగింది. మేడమ్ వంటింట్లో ఉన్నారు. నేను ముందుగదిలో చాప మీద ఒక పెద్ద పుస్తకం కొలేషన్ చేస్తున్నాను. అందులో ఒక ప్లేటు కనిపించలేదు. ఈ పని చేసే ఎవరికైనా ఒక అలవాటుంటుంది, పేజీలు తిప్పుతూ లోలోపల గొణుక్కోవడం. లెక్క తప్పకుండా ఉండటానికి. ఖాతాదారుల ఎదుట ఎంత శుభ్రంగా మాట్లాడినా, గొణుగుడు మాత్రం ఎవరి ఇంటి మాటలో వాళ్లకే వస్తుంది.

"గిది సీ... గిది డీ... గీడ బొమ్మ ఉండాలె గద. ఏడవాయె? ఎవడు గుంజుకపోయిండ్రా దీన్ని..."

"ఎవరు గుంజుకపోలే. గా బొమ్మ ఆఖరుకు అతికిచ్చిండ్రు, ఎన్కకు తిప్పి చూడుండ్రి."

"అట్లనా? సరే సరే, చూస్త" అన్నాను. వెనక్కి తిప్పాను. బొమ్మ ఉంది. "దొరికింది మేడమ్, మడతవెట్టి ఉన్నది గీడ" అని తలెత్తాను.

గుమ్మంలో మేడమ్ నిలబడి ఉన్నారు, చేతిలో చాయ్ గ్లాసుతో.

చెవులు కాలిపోయాయి. ఆవిడ వచ్చి గ్లాసు కింద పెట్టి, కుర్చీలో మెల్లగా కూర్చున్నారు. అప్పటిదాకా 'మీరు' అన్న మనిషి, ఇంకా ఆ మాట వదలలేదు.

"ఏవూరు మీది?"

"కొడకండ్ల."

"పేరు?"

"యాకయ్య."

"యాకయ్య" అని ఆవిడ ఒకసారి తనలో తాను అనుకున్నారు. "కొడకండ్ల యాకయ్య. మరి లాడ్జిల ఉంటున్న అంటివి?"

"ఇంట్లనే ఉంటున్న మేడమ్. మా అవ్వ దగ్గర."

కోప్పడితే బాగుండును అనిపించింది. ఆవిడ కోప్పడలేదు, కళ్లు తుడుచుకున్నారు. నాకదే భరించరాకుండా అయింది.

"నీకు అండీ గిండీ అంటెనే పుస్తకాలు ఇస్త అనుకున్నవా బిడ్డా? నేను ముప్పై ఏండ్లు పిల్లలకు పాఠం చెప్పిన. నీ లెక్క మాట్లాడే పిల్లలకే చెప్పిన." చాయ్ గ్లాసు నావైపు జరిపారు. "మనోళ్లల్ల తెలిసినోళ్లు ఉన్నరా అని అడిగిన. నువ్వు నా ముందల కూసోని, చేతుల పుస్తకం పట్టుకోని, లేరంటివి. నీ మాట మీదనే బాలూను వద్దంటి. పాపం వాడు గది ఖాళీ చేయించిండు, ర్యాకులు కొట్టిచ్చిండు."

"తప్పయింది మేడమ్" అన్నాను. ఆ మాట ఎంత చిన్నగా వినిపించిందో! ఇన్నేళ్ల పనిలో ఎన్ని పుస్తకాలకు ఎన్ని దోషాలు పట్టాను, ఫాక్సింగ్ అనే గోధుమరంగు మచ్చ ఒక్కటి కనిపించినా రాసుకునేవాణ్ని. నా గురించి మాత్రం ఏమీ పట్టలేదు.

"ఇప్పుడేం జేద్దాం?" అని అడిగారు ఆవిడ.

"మీకు ఎట్ల ఇష్టముంటే అట్ల."

"నా ఇష్టం నీకు ఎర్కనే. నువ్వు చూసుకుంటవా? చూసుకుంటనంటె భూపాలపల్లికి పోతయ్. లేకుంటె బెంగళూరుకే పోనీ."

చూసుకుంట అని చెప్పాలంటే ఒక పెద్ద ఖాతాదారుణ్ని వదులుకోవాలి. నిజం చెప్పాలంటే నన్ను వణికించింది అది కాదు. ఆయనకు ఫోన్ చేసి నేనెవరో చెప్పడం. మేడమ్ పక్కన కూర్చునే ఆ ఫోన్ చేశాను. రెండు యాసల కలగాపులగంలో విషయమంతా చెప్పాను.

"మీది తెలంగాణా రాజుగారూ?" అన్నారాయన. "ఇన్నేళ్లూ మా వైపువారే అనుకున్నాను. ఇంట్లో కూడా అలాగే చెప్పాను."

"కాదండి. మాది జనగామ దగ్గర."

"ముందే చెప్పుంటే నేను మీ దగ్గర కొననని అనుకున్నారా?"

ఆ గొంతులో నొప్పి వినిపించింది. ఆయన నన్ను ఒక్కనాడూ ఎగతాళి చేయలేదు. చేస్తాడని నేనే ముందుగా తీర్మానించుకుని, అన్నేళ్లు ఒక మంచిమనిషిని ఆ గుమాస్తా పక్కన నిలబెట్టాను. మేడమ్ ముందు పడిన సిగ్గుకు ఇది తోడైంది. "పుస్తకాలు అక్కడి పిల్లలకే ఉండనివ్వండి. వస్తే ఒకసారి చూడనిస్తారా?" అని అడిగి ఆయన ఫోన్ పెట్టేశారు.

సమ్మె ముగిసి, కాలేజీలు తెరిచాక, చలికాలంలో పుస్తకాలను ఇనప పెట్టెల్లో సర్ది జీపులో భూపాలపల్లి తీసుకెళ్లాం. మేడమ్ ముందు సీట్లో కూర్చున్నారు. బాలూ నాయక్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. ఏం జరిగిందో మేడమ్ అతనికి ఫోనులో చెప్పేశారట. నేను క్షమాపణ చెప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "అన్నా, మా తండాల లంబాడి మాట మీ తెలుగోళ్లకు నవ్వులాట. నేనూ కాలేజీల ఒక మాట, ఇంటికాడ ఒక మాట. నాకు చెప్పకు గా బాధ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా ఊరి పక్క తండావాళ్లు మాట్లాడుతుంటే చిన్నప్పుడు మేం వెక్కిరించినవన్నీ గుర్తొచ్చాయి.

పుస్తకాలు ర్యాకుల్లోకి ఎక్కాక, పిల్లల్ని కూర్చోబెట్టి, మేడమ్ నావైపు చూశారు. "ఇగ నువ్వు చెప్పు. అవి ఏం పుస్తకాలో, ఎట్ల పట్టుకోవాల్నో."

లేచి నిలబడి ఒక పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. "అందరికీ నమస్కారమండీ. ఈ గ్రంథం సుమారు రెండు వందల సంవత్సరాల క్రితం ముద్రించబడినది..."

అదే వచ్చింది! ఆపి మళ్లీ మొదలుపెడదామని చూశాను. మాట దొరకలేదు. ఈ పని మొత్తం నేను ఆ మాటలోనే నేర్చుకున్నాను, ఆ మాటలోనే ఆలోచించాను. పేజీలు లెక్కపెట్టడానికి తప్ప దేనికీ ఇంటి మాటను ఈ పుస్తకాల దగ్గరకు రానివ్వలేదు. అవ్వతో మాట్లాడే భాషలో ఎయిర్ పంప్ గురించి ఒక్క వాక్యం నా దగ్గర లేదు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేడమ్ నన్ను ఆదుకోలేదు, ఊరికే చూస్తూ కూర్చున్నారు.

ముందు వరసలో ఒక అమ్మాయి లేచింది. "సార్, మీరు ఆంధ్రోళ్లా?"

"కాదు బిడ్డా. మాది కొడకండ్ల."

"మరి గట్ల ఎందుకు మాట్లాడుతున్నరు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. విజయవాడలో పనిచేశానని చెబితే సరిపోయేది, అదీ నిజమే. ఆ సాకు చెప్పలేకపోయాను.

"సిగ్గయ్యి, బిడ్డా" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి "సరే సార్, బొమ్మ చూపియ్యుండ్రి" అని కూర్చుంది. మడత ప్లేటు విప్పాను. రెండు పెద్ద రాగి గిన్నెలు మూతికి మూతి ఆనించి ఉన్నాయి, అటూ ఇటూ గుర్రాలు కట్టి లాగుతున్నారు. "గీ రెండు గిన్నెల నడుమ ఉన్న గాలిని గుంజేసిండ్రు" అని మొదలుపెట్టాను. "ఇగ చూడుండ్రి, గన్ని గుర్రాలు గుంజినా ఊడుతలెవ్వు. ఎందుకు?" తడబడ్డాను, మధ్యలో రెండుసార్లు 'అండీ' దొర్లింది. పిల్లలు మాత్రం పుస్తకం చుట్టూ మూగారు. ఆరోజు నుంచి ఆ పుస్తకాల బాగోగులు నేనే చూస్తున్నాను.

కార్డు మార్చాను, ఇప్పుడు దాని మీద యాకయ్య అనే ఉంది. కొత్తవాళ్లు ఫోన్ చేస్తే ఊరు ముందు చెప్పి, తర్వాతే పుస్తకం సంగతి ఎత్తుతాను. ఇప్పటికీ కొన్నిసార్లు మొదటి మాట జారిపోతుంది, మళ్లీ చెవులు కాలతాయి.

ఆ వ్యవహారం నాకు నేర్పింది చెప్పాలంటే ఇంతే. నేను ఏ మాటలో చెప్పినా పుస్తకం వయసు మారదు, ప్లేట్ల లెక్క మారదు. కానీ శుభ్రంగా మాట్లాడుతూ తిరిగిన అన్నేళ్లూ, ఈ పని మనవాళ్లకు చేతకాదని నన్ను చూసే జనం నమ్మారు. అనసూయ మేడమ్ తలుపు దగ్గర నిలబడి విన్నారు కాబట్టి ఆ పుస్తకాలు భూపాలపల్లిలో ఉన్నాయి. మిగతా ఇళ్లలో నా గొణుగుడు ఎవరూ వినలేదు. ఆ ఇళ్ల నుంచి ఎన్ని పుస్తకాలు ఎటు వెళ్లిపోయాయో నాకు తెలియదు.